పూజలో పెట్టిన కత్తి

"బాగవదని తెలిసిపోయినాక ఇంకా చాకిరీ దేనికండి, గురువుగారూ?" అని అప్పలస్వామి అడిగాడు.

కూర్మయ్యగారి దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో చాలావరకు తిన్నది అరగక పుట్టేవి. జీవుడెవరు, దేవుడెవరు అని మొదలుపెట్టి, సరిగ్గా భోజనాల వేళకు ముగించేస్తారు. ఇది అలాంటిది కాదు. అప్పలస్వామి నేతపనివాడు. అతని భార్య నూకరత్నానికి మతి చలించి ఏళ్ళు గడిచాయి. తిరగని ఆసుపత్రి లేదు, మొక్కని దేవుడు లేడు. ఆమె తమ్ముడు ఆ పూట ఆటో తీసుకుని వస్తానన్నాడు. కొండమీది అమ్మవారి మండపంలో ఇలాంటివాళ్ళను స్తంభానికి కట్టి వదిలేస్తారు. ఆపైన అమ్మే చూసుకుంటుందని వాళ్ళ నమ్మకం. "దేవుడి సన్నిధిలో వదిలితే పాపమెలాగవుద్ది బావా?" అన్నాడట. అప్పలస్వామి సరేనన్నాడు. అన్నాడే గానీ ఇంట్లో నిలవలేక గురువుగారి అరుగు మీదికి వచ్చి పడ్డాడు.

"నిన్న తలంటి పోస్తంటే నా మొకమ్మీద ఉమ్మేసిందండి. దొంగోడొచ్చాడని అరిసింది. పదేపదే నా పేరు సెప్పాను. ఇనడానికి ఆ లోపల ఎవరూ నేరండి" అన్నాడు.

దసరా వెళ్ళిన మర్నాడది. కూర్మయ్యగారు గెడ్డం గీసుకోవడానికి నీళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. "దేవుడి దగ్గరున్న కత్తి పట్రా" అన్నారు.

ఆ మడతకత్తి ఆయన గురువుగారిది. నూరి నూరి దాని వెడల్పు సగానికి దిగింది. అష్టమినాడు ఆయన గీసుకుని, కడిగి పక్కన పెట్టగానే అప్పలస్వామే భక్తి కొద్దీ దాన్ని అందుకున్నాడు. ఇంటి దగ్గర మగ్గం మీద పోగు నడిపే నాడెకు ఏటేటా దసరాకు చేసే పూజే దీనికీ చేశాడు. తడి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మడిచి, ఎర్రగుడ్డలో చుట్టి అమ్మవారి పటం ముందు ఉంచాడు. నాడె కొయ్యది, దానికేమీ కాదు. కత్తి సంగతి అతనికి తట్టలేదు. పూజలో పెట్టిన పనిముట్టును దశమి వెళ్ళేదాకా ముట్టకూడదు కనుక ఎవరూ ముట్టలేదు.

ఇప్పుడు అది తెరుచుకోనని మొరాయించింది. గురువుగారు గోటితో పట్టి విప్పారు. ఎండిన పసుపు పెచ్చులుగా రాలింది. దాని కింద అంచు పొడవునా తుప్పు, ఆ తుప్పులో సన్నని గుంటలు. ఆయన చెంప మీద ఒక్కసారి ఆనించి చూశారు. నెత్తురు వచ్చింది.

"దేవుడి దగ్గరెడితే మంచిదే అనుకున్నానండి" అన్నాడు అప్పలస్వామి.

"దేవుడి దగ్గరే పెట్టావు నాయనా. తడిగా మూసి పెట్టావు."

"రాయి మీద పట్టిస్తేనండి?"

"ఆ గుంటలు పోయేదాకా నూరితే వెన్ను తప్ప ఏమీ మిగలదు. దీని పని అయిపోయింది."

ఆ మాటకు అతను భోరుమన్నాడు. ఆ ఏడుపు కత్తి కోసం కాదని ఇద్దరికీ తెలుసు. గురువుగారు చెంప తుడుచుకుని, రోజూ చేసినట్టే కత్తిని చన్నీళ్ళలో కడిగారు. పాత పంచె ముక్కతో వెన్ను దిక్కు నుంచి అంచు దిక్కుకు మెల్లగా తుడిచారు. పిడి సందులోకి గుడ్డ కొస దూర్చి అక్కడి చెమ్మ తీశారు. కత్తిని విప్పి ఉంచి గాలికి ఆరనిచ్చారు. ఆరాక వేలికొసన కొబ్బరినూనె తీసుకుని రెండు వైపులా రాశారు. కత్తి బాగున్న రోజుల్లో ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ అంతసేపే పట్టింది. చూస్తున్నవాడికి ఒళ్ళు మండేంత నిదానం అది.

వీధిలో ఆటో హారన్ మోగింది. "బావా, ఎండెక్కిపోతంది, రా!" అని బావమరిది కేకేశాడు. అప్పలస్వామి లేవబోయి, మళ్ళీ చతికిలబడ్డాడు.

"దీంతో ఇంక గెడ్డం గియ్యరు గదండి?"

"గియ్యను."

"ఇది బాగవదు గదండి?"

"అవదు."

"మరి రేపు కూడా తుడుస్తారా?"

కూర్మయ్యగారు కత్తిని మడిచారు.

"తుప్పు రేపు పట్టడం మానేస్తుందా, నాయనా?"