రాళ్లు లేని తక్కెడ

ప్రసూనకు మూడేళ్లుగా ఒకటే దిగులు. తను దాచింది దక్కడం లేదు.

ఆమె పనిచేసే పరిశోధనాలయంలో ఎముకలు కొరికే చలి కూడా వెచ్చగా అనిపించేంత చల్లటి పీపా ఒకటి ఉంది. అందులోని క్వాంటం బిట్లలో మూడింటితో ఆమె పని. ఆ మూడింటి మీదా కలిపి ఒక చిన్న సమాచారాన్ని పరిచి, చెడకుండా కాపాడాలి. సున్నా, ఒకటి రెండూ కలిసి ఉండే సున్నితమైన స్థితి అది. చూశామా, ఆ క్షణమే ఏదో ఒకటిగా మారిపోతుంది. చూడకుండా వదిలేశామా, ఎక్కడిదో ఒక అలికిడి తగిలి మూడింటిలో ఒకటి చెడుతుంది.

ఇంతకుముందు ప్రసూన ఒక పెద్ద ఆసుపత్రిలో రోగుల రికార్డులు భద్రపరిచే పని చేసేది. ఒకే రికార్డును మూడు చోట్ల ఉంచి, మూడూ చదివి, తేడాగా ఉన్నదాన్ని దిద్దేది. ఐదేళ్లలో ఒక్క అక్షరం పోనివ్వలేదని పేరు. ఆ పేరు కాస్త తలకెక్కింది కూడా. అందుకే ఇక్కడా మూడు బిట్లనూ చదివి దిద్దాలనే చూసింది. చదివితే పోతుందని ఆమెకు తెలియక కాదు. ఇంకాస్త త్వరగా, ఇంకాస్త మెత్తగా చదివితే దక్కుతుందేమోనని ఆశ. ఆశకేం, అది ఎంతకైనా సాగుతుంది.

ఫలితం రావడం లేదని సోమవారం నుంచి ఆ క్వాంటం యంత్రాన్ని వేరే బృందానికి ఇచ్చేస్తారని తెలిసింది. శుక్రవారం సాయంత్రం ఆమె తన గురువు మస్తాన్ మాస్టారి గదికి వెళ్లి, ఇక తనవల్ల కాదని, పాత ఉద్యోగానికే పోతానని చెప్పింది.

"చూడకపోతే తప్పెక్కడుందో తెలీదు. చూస్తే కాపాడాల్సిందే మిగలదు. దీనికి దారి లేదు మాస్టారూ."

మస్తాన్ మాస్టారికి అరవై దాటాయి. నెల్లూరు మనిషి. జీవితమంతా సమాచార శాస్త్రంలోనే గడిపినా మాటల్లో మహా పిసినారి. ఆయన చెప్పులు తొడుక్కుని, "రామ్మా" అన్నారు.

గేటు బయట కోటమ్మ తోపుడు బండి మీద వేయించిన వేరుశనక్కాయలు అమ్ముతోంది. చేతి తక్కెడతో తూచి ఇస్తుంది. మాస్టారు ఆమె చెవిలో ఏదో చెప్పి, ప్రసూనను అటు తిరగమన్నారు. కోటమ్మ మూడు పొట్లాలు సమంగా కట్టి, ఆ తర్వాత ఒకదాంట్లోంచి కాసిని కాయలు తీసేసి, మూడూ వరసగా పెట్టింది.

మాస్టారు బండి మీది తూకపు రాళ్లన్నీ ఏరి తన జేబులో వేసుకున్నారు.

"రాళ్లు లేకుండా ఏం తూస్తుంది సారూ ఆ పిల్ల?" అని కోటమ్మ నవ్వింది.

ఆయన తక్కెడను ప్రసూన చేతికిచ్చారు. "మూడూ సమానంగా ఉండాల్సినవి. ఒకటి చెడింది. దిద్దు. పొట్లం విప్పి చూడకూడదు."

ప్రసూన మొదటిదీ రెండోదీ చెరో పళ్లెంలో పెట్టింది. రెండోది పైకి లేచింది. మొదటిదీ మూడోదీ పెట్టింది. ముల్లు నిలబడింది. అయితే చెడింది రెండోది. దాన్ని మూడోదాని చోట పళ్లెంలో పెట్టి, మూతి దగ్గర సందులోంచి బండి మీది కాయలు ఒక్కొక్కటే లోపలికి జారవిడిచింది. ఏడో కాయకు తక్కెడ సమమైంది.

"ఒక్కో పొట్లంలో ఎంతుంది?" అని అడిగారు మాస్టారు.

"తెలీదు మాస్టారూ," అంది ప్రసూన. అన్నాక తన మాట తనకే వినిపించి ఆగిపోయింది.

మూడేళ్లూ ఆమె ఒక్కో బిట్‌నూ నువ్వేమిటని నిలదీసింది. మీ ఇద్దరూ ఒకటేనా అని ఏ రెంటినీ అడగలేదు.

శనివారమంతా కూర్చుని ప్రోగ్రాం మార్చింది. పీపాలో ఖాళీగా ఉన్న మరో రెండు బిట్లను తక్కెడలా పక్కన నిలిపింది. జత కలుస్తోందా లేదా అని తప్ప అవి ఇంకేమీ చెప్పవు. ఆదివారం వందలసార్లు నడిపి, ప్రతిసారీ అంతా అయ్యాకే చదివి సరిచూసింది. దాచినవి చాలామటుకు దాచినట్టే వచ్చాయి. పదింటికి తొమ్మిది దక్కాయి. ఆ ఫలితాలు చూసి యంత్రాన్ని ఆమె దగ్గరే ఉంచుతామని పైవాళ్ల నుంచి కబురొచ్చింది. ప్రసూన కుర్చీలో కూర్చుని కాసేపు ఏడ్చింది.

ఇంకొక్కసారి నడుపుదామన్నారు మాస్టారు. ఈసారి ఏ స్థితిని దాచాలో యంత్రమే చీటీ తీసినట్టు ఎంచుకుని, ఎంచుకున్నదాన్ని ఎక్కడా రాసుకోలేదు.

కొంతసేపటికి తెర మీద రెండో బిట్ తేడా అని వచ్చింది. దిద్దుబాటు జరిగింది. జతలు మళ్లీ కలిశాయి. లోపల ఏదో క్షేమంగా ఉంది. దాన్ని చేసినవాళ్లకూ తెలీదు, కాపాడుతున్నవాళ్లకూ తెలీదు. ప్రసూనకు ఊపిరి గట్టిగా తీయడానికి కూడా భయమేసింది.

ఆమె వేలు తనకు తెలియకుండానే చదివే మీట మీదికి వెళ్లింది. "మాస్టారూ, ఒక్కసారి..."

"ఉంది కదమ్మా," అన్నారు మస్తాన్ మాస్టారు మెల్లగా. "చాలదా?"

ప్రసూన వేలు వెనక్కి తీసుకుంది.