పండగ పుట్టే వేళ

రేవులోకి తెరచాపల ఓడలు వచ్చే రోజుల్లో మిల్కా అనే యూదుల మంత్రసాని ఉండేది. రేవు అధికారి సింగమనాయుడి భార్యకు ఏడో నెల. ఆమె బాగోగులన్నీ మిల్కావే. రేపు తమ పస్కా పండగని సెలవడిగితే నాయుడు సరేనన్నాడు.

ఆ సాయంత్రమే మిల్కా మూట కట్టుకుని బయల్దేరింది. నాయుడికి తనకు తెలియనిదల్లా తప్పే. గుమ్మంలో అడ్డుపడ్డాడు.

"సెలవు రేపటికి కదా?"

"మాకు పొద్దు గూకితే రేపు వచ్చినట్టేనయ్యా. ముందు చీకటి, తరవాతే వెలుగు. మనవలు పండగకి కాల్చిన పొంగని రొట్టెలు ముందు పెట్టుకుని నాకోసం చూస్తుంటారు."

"సూర్యుడు పొడవందే రోజేమిటి? కంటికి కనబడనిది ఇంకా లేనట్టే. తెల్లారాక వెళ్ళు."

మిల్కా మూట కింద పెట్టింది. "చిత్తం. మరి నిన్న అమ్మగారి కడుపుకి చెవి ఆనించి, 'చిట్టితల్లీ' అని తమరు పిలిచింది ఎవరినయ్యా?"

లోపల్నుంచి భార్య నవ్వు వినబడింది. నాయుడు తనే వంగి, మూట తీసి మిల్కా చేతికిచ్చాడు.

"పొద్దు గూకుతోంది, త్వరగా వెళ్ళు. వచ్చేటప్పుడు మా చిట్టితల్లికీ ఒక రొట్టె తీసుకురా."