ఆకుపచ్చ నాలుకల పోటీ

వానలు ముఖం చాటేసిన ఒకానొక రాజ్యాన్ని ప్రతాపశేఖరుడనే రాజు ఏలేవాడు. వరుసగా మూడేళ్ళు చినుకు లేదు. చెరువుల అడుగున మట్టి పెంకులు లేచింది. జనం ఆకాశం వైపు చూడడం కూడా మానేశారు. రాజుగారికి మాత్రం ఒకటే బెంగ: తన నాలుక ఎంత గొప్పదో లోకానికి ఇంకా పూర్తిగా తెలియలేదని.

అలాంటి రోజుల్లో సముద్రం అవతలి నుంచి ఒక వర్తకుడు వచ్చి, పన్నెండు రేకు డబ్బాలు సభలో పెట్టాడు. ప్రతి డబ్బాలోనూ ఆకుపచ్చటి పొడి.

"దీన్ని మాచా అంటారు మహారాజా! తేయాకుని నీడన పెంచి, మెత్తగా విసురుతాం. కాచక్కర్లేదు, వడకట్టక్కర్లేదు. చల్లటి పాలలోనో మజ్జిగలోనో వేసి గిలక్కొడితే చాలు. ఇందులో మామిడి వాసన కలిపాం. ఇది గులాబీ. ఇది అల్లం, నిమ్మ..." అంటూ చల్లటి పాలలో ఓ చెంచాడు కలిపి అందించాడు.

రాజు పాత్ర ఎత్తాడు. అది నోట్లో పడీపడకముందే, "అద్భుతం! ఇలాంటి రుచి మా నాలుకకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది!" అనేశాడు. పరదేశి ముందు ఆలోచిస్తూ కూర్చుంటే చిన్నతనమని ఆయన తొందర. ఆ తర్వాత రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు. ఆనందంతో కాబోలు అనుకున్నారు సభవాళ్ళు.

ఆ రాజ్యంలో సభలో రాజు అన్న మాటని లేఖకుడు అక్కడికక్కడే రాసుకునేవాడు. రాసింది శాసనం. రాజు తనే నోరు విప్పి మారిస్తే తప్ప దానికి తిరుగు లేదు. సాయంత్రానికల్లా చాటింపు వేశారు: ఇకమీదట మాచాయే రాచపానీయం. రోజూ మధ్యాహ్నం సభికులు అరవై మందీ కూర్చుని పన్నెండు రకాలూ రుచి చూడాలి. దీనికి చవికొలువు అని పేరు పెట్టారు. రుచి చెడుతుందని ఆ కొలువులో తాంబూలం కూడా నిషేధించారు. ఎంగిలి అమర్యాద కాబట్టి పాత్రకి పెదవి తగలకూడదు. రాజుగారితో సహా అందరూ తలెత్తి, నోట్లోకి ఎత్తి పోసుకోవాలి.

ఈ పానీయాలన్నీ కలిపే పని ఓబులమ్మది. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళుగా రాజుగారి పానశాల చూస్తోంది. చల్లటి దానిలో ఆ పొడి ఓ పట్టాన కలవదు, ఉండలు కడుతుంది. కవ్వంతో రెక్కలు పడిపోయేలా చిలికి, ప్రతి కుండలోంచీ ఒక చుక్క నాలుక మీద వేసుకుని, సరిగ్గా కుదిరిందని తేల్చుకున్నాకే సభకి పంపేది. అల్లం, నిమ్మ కలిపినది ఒకటి పరవాలేదు. గులాబీది మాత్రం, పెళ్ళివారి పన్నీరు గడ్డివాము మీద ఒలికినట్టుండేది.

రుచి సంగతి ఎలా ఉన్నా, చల్లదనమే ప్రాణం మీదికి తెచ్చింది. రాజ్యంలో అన్నిటికంటే చల్లటి నీళ్ళు ఓబులమ్మ ఉండే సాలెవీధి బావివి. రాజు ఆ బావికి కాపలా పెట్టించాడు. రోజుకి ఎనభై కడవలు కోటకి వెళ్ళేవి. తాగడానికి పోయేది పది కడవలే. మిగతావన్నీ వట్టివేళ్ళ తడికలు తడపడానికీ, ఒక రుచి ఇంకోదానికి అంటకుండా అరవై గిన్నెలూ మూడేసిసార్లు తొలవడానికీ.

వీధిలో నూలుకి గంజి పెట్టే నీళ్ళు లేక మగ్గాలు ఆగిపోయాయి. ఓబులమ్మ కొడుకు పని వెతుక్కుంటూ పొరుగు రాజ్యం పోయి నాలుగు నెలలైంది. కోడలు చెన్నక్క నిండు నెలల మనిషి. తెల్లవారకముందే లేచి రెండు కోసుల దూరం నడిచి, ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని, అర బిందె బురదనీళ్ళతో ఎండెక్కాక ఇంటికొచ్చేది.

అప్పటికి చవికొలువు మొదలై ఆరు నెలలు. ఒకనాడు రాజు కొత్త ఆజ్ఞ వేశాడు. వర్తకుడు పున్నమికి మరో పన్నెండు రకాలు తెస్తున్నాడట. ఆ లోపు నాలుకలు సిద్ధం కావాలని, రేపటి నుంచి ఉదయం కూడా చవికొలువు.

ఓబులమ్మ కవ్వం పక్కన పెట్టి సభలోకొచ్చి చేతులు కట్టుకుంది.

"ప్రభూ, బావిలో నీళ్ళు రోజుకో మూర దిగుతున్నాయి. రెండు పూటలంటే రెండు రోజులు కూడా రావు. మా వీధివాళ్ళకి పొద్దున్న ఒక్క జాము వదిలినా..."

"దాహం గొడ్లకి కూడా వేస్తుంది ఓబులమ్మా. రుచి కొందరికే తెలుస్తుంది. రెండింట్లో ఏది గొప్పదో నువ్వే చెప్పు."

"ఆ కొందరూ ఎవరో తెలిస్తే బాగుండు ప్రభూ. ఈ అరవై మందీ నిజంగా రుచి చూసే తాగుతున్నారా? తాగేవాళ్ళు తగ్గితే నీళ్ళు మిగులుతాయి."

ముందు వరుసలో విరూపాక్ష పండితుడు లేచాడు. షడ్రసవిశారద అనే బిరుదు ఆయనది. రోజూ పన్నెండు రకాలనీ పద్యం తగ్గకుండా వర్ణించేది ఆయనే.

"ఓసి, గిన్నెలు తొలిచేదానా! మా రసజ్ఞతనే శంకిస్తావా? నిన్నటి గులాబీ మాచాలో నాకు హిమాలయ పాదాల్లో తొలిమంచు తగిలింది!"

"తగిలింది మంచు కాదు పండితులవారూ, పొడి ఉండ. చిలికినదాన్ని, నాకు తెలుసు."

ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు ముఖం ముడుచుకుంది.

"రేపటి కొలువులో తేలాలి. రుచి చూడకుండా పొగిడినవాడు నా సభలో ఒక్కడున్నా రుజువుతో చూపించు, బావి మీ వీధికి వదిలేస్తాను. చూపించలేకపోయావో, ఇల్లు సర్దుకుని పొలిమేర దాటు!"

లేఖకుడు రాసుకున్నాడు.

ఓబులమ్మ ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పింది. చెన్నక్క గోడకి చేరగిలబడి, వాచిన కాళ్ళు చాపుకుని వింది.

"మనసులో ఉన్నది ఎలా రుజువు చేస్తావత్తా? బాగుందని వాళ్ళంటే బాగున్నట్టే కదా. నేనీ కడుపుతో పొలిమేర దాకా నడవగలననుకున్నావా? ఇక్కడే పోతాను. నువ్వెళ్ళు."

ఓబులమ్మ జవాబు చెప్పబోయి నోరు తెరిచింది. చెన్నక్క తేరిపార చూసి, నెలరోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

"ఇదేంటత్తా, నీ నాలుక చిలక రెక్కలా ఉంది!"

"ఆ పొడి రంగే. నాలుకబద్ద పెట్టి గీసినా పోవడం లేదు. చుక్కలు చుక్కలుగా రుచి చూస్తేనే ఇలా..."

మాట మధ్యలోనే ఆమెకి ఒకటి గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నమే, పన్నెండు రకాలూ తాగిన విరూపాక్ష పండితుడు తన ఎదుటే నోరంతా తెరిచి ఆవులించాడు. ఆయన నాలుక మందారం లాగా ఎర్రగా ఉంది.

ఎత్తి పోసుకుంటున్నారు. నాలుకకి తగలనివ్వకుండా, మందు మింగినట్టు నేరుగా గొంతులోకి దింపుకుంటున్నారు. ఆరు నెలలుగా అందరూ అదే నేర్చుకున్నారు. ఇక అందరితో పాటే ఎత్తి పోసుకునే ఇంకొక పెద్దమనిషి సంగతి తలుచుకుని ఓబులమ్మ దీపం వత్తి ఇంకాస్త ఎగదోసింది.

మర్నాడు కొలువు నిండింది. పన్నెండు రకాలూ తిరిగాయి. పండితుడు మామిడి మాచాలో వసంతాన్నీ, అల్లం మాచాలో వీరరసాన్నీ చూశాడు. అంతా అయ్యాక రాజు, "ఏదీ నీ రుజువు?" అన్నాడు.

ఓబులమ్మ వంగి దండం పెట్టింది.

"నిన్న నోరు జారాను ప్రభూ. ఈ పొడికో గొప్ప గుణం ఉంది, వర్తకుడు చెప్పడం మరిచిపోయాడు. నాలుక మీద నిలిపి రుచి చూసినవాళ్ళకి దాని రంగు పట్టేస్తుంది, రోజుల తరబడి వదలదు. ఇదిగో నాది చూడండి. రోజుకి పన్నెండు చుక్కలు తాకితేనే ఇలా ఉంటే, పన్నెండు గిన్నెలు ఆస్వాదించే పండితులది మరకతంలా మెరుస్తూ ఉండాలి. అందరికంటే పచ్చటి నాలుక ఎవరిదో తేల్చి, వారిని తమరే సన్మానించండి."

సన్మానం అనగానే సభంతా సర్దుకు కూర్చుంది. ఎవరి నాలుక వాళ్ళకి కనబడదు కదా. నాదంటే నాదని అరవై మందీ నోళ్ళు తెరిచారు.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. పండితుడు కళ్ళు మూసుకుని, నాలుక గడ్డం దాకా చాపాడు. ఎరుపు. పక్కన సేనాపతిది ఎరుపు. ఆ పక్కన కోశాధికారిది తెల్లగా పాచి పట్టి ఉంది, ఆకుపచ్చ మాత్రం లేదు. రాజు మొదటి వరుస చూశాడు, రెండో వరుస చూశాడు. అరవై నోళ్ళు చూసేసరికి ఆయన చెవులు కూడా ఎరుపెక్కాయి.

"అరవై మంది! ఆరు నెలలుగా! నా ఎదుట కూర్చుని, నా శాసనాన్ని గుటుక్కున మింగేస్తున్నారా? కాపలావాళ్ళెవరక్కడ!"

పండితుడు గబుక్కున ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"ప్రభూ! ప్రభూ! మావి సామాన్యుల నాలుకలు. ఇంతటి రంగు పట్టే యోగ్యత వాటికెక్కడిది? అసలైన మరకతం తమ జిహ్వ ఒక్కటే. దాన్ని ఒక్కసారి దర్శించి ధన్యులమై, తర్వాత తమరు వేసే శిక్ష అనుభవిస్తాం!"

"అవును, దర్శనం ఇప్పించండి!" అని సభంతా అందుకుంది. శిక్ష కాస్త వెనక్కి పోతే చాలు వాళ్ళకి.

ప్రతాపశేఖరుడికి తన నాలుకని పొగిడితే కాదనే అలవాటు లేదు. ఛాతీ విరుచుకుని, నోరు తెరిచి, చాపాడు.

పండితుడు చూసి, వెంటనే నేల చూపులు చూశాడు. సేనాపతి పైకప్పు వైపు చూశాడు. అద్దం కోసం ఎవరూ వెళ్ళక్కర్లేకపోయింది. ఓబులమ్మ పొద్దున్నే ఒకటి చెంగు కింద పెట్టుకుని వచ్చింది. రెండు చేతులా పట్టుకుని రాజుగారి ముందు నిలబెట్టింది.

రాజు అద్దంలో చూసుకున్నాడు. చంటిపిల్లల నాలుకలా ఎర్రగా, శుభ్రంగా ఉంది. మెల్లగా నోరు మూసుకున్నాడు. ఆఖరికి, "ఓబులమ్మా, ఏం చూశావో చెప్పు" అన్నాడు, చాలా నెమ్మదిగా.

ఆ గొంతు విని సేనాపతి రెండడుగులు పక్కకి జరిగాడు.

"ప్రభూ! తమ శాసనాన్ని ఎదిరించే మొనగాడు ఈ రాజ్యంలో లేడనే అనుకున్నాను. ఒకరున్నారు. ఆరు నెలలుగా తమ నోట్లోనే కాపురముంటూ ఆజ్ఞ మీరుతున్నారు. ఇప్పుడు పొలిమేర దాటాల్సింది ఎవరో సెలవివ్వండి. నేనా, అదా?"

ముందు రాజు పొట్ట కదిలింది. భుజాలు కదిలాయి. సింహాసనం మెట్ల మీదే కూలబడి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాడు. "గడ్డి! పచ్చిగడ్డి రుచి! ఆరు నెలలు!" అంటూ తొడ చరుచుకున్నాడు. రాజు నవ్వాక సభ నవ్వింది. అందరికంటే గట్టిగా పండితుడు నవ్వాడు.

చవికొలువు రద్దయింది. ఓబులమ్మ చేతికి బంగారు కంకణం తొడిగారు. మిగిలిన మాచా డబ్బాలన్నీ కూడా ఆమెకే బహుమానం. కాపలా తీసేసి బావి సాలెవీధికి అప్పగించారు.

వీధి వీధంతా బిందెలతో బావి దగ్గర చేరింది. ఓబులమ్మ బొక్కెన వదిలింది. చేంతాడు అయిపోయింది, నీళ్ళు తగల్లేదు. ఇంకో చేంతాడు ముడివేసి దింపారు. పైకి లాగితే అడుగున నాలుగు వేళ్ళ మందాన బురద, దాని మీద దోసెడు నీళ్ళు. ఆ దోసెడూ చెన్నక్కకి ఇచ్చారు. మళ్ళీ వేస్తే బురద ఒక్కటే వచ్చింది. ఎవరూ ఏడవలేదు, ఎవరూ రాజుని తిట్టలేదు. బిందెలు చంకన పెట్టుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. గిలక మాత్రం కాసేపు కిర్రుమంది.

మర్నాడు కోట నుంచి కబురొచ్చింది. రాజుగారు నిన్నటి మాట తలుచుకుని రాత్రంతా నవ్వారట, మళ్ళీ ఒకసారి ఆమె నోట వినాలనుందట.

ఓబులమ్మ వెళ్ళింది, కంకణం తీసి రాజుగారి పాదాల దగ్గర పెట్టింది.

"ఇది వద్దు ప్రభూ. ఎన్నిసార్లు చెప్పమంటే అన్నిసార్లు చెబుతాను. చెప్పినప్పుడల్లా ఒక బిందె నీళ్ళిప్పించండి."

"నీళ్ళా? కోటలో నీళ్ళు ఎక్కడున్నాయి?"

"ఏనుగుల్ని కడిగే దిగుడుబావిలో ఉన్నాయి ప్రభూ. కోటనీళ్ళు గుమ్మం దాటకూడదని తమ తాతగారి కట్టడి. తమరు మాట సెలవిస్తే దాటుతాయి."

రాజు ఆశ్చర్యపోయాడు.

"అవా? ఆ నీళ్ళు చల్లగా ఉండవే! చల్లగా లేవనే కదా వాటిని వదిలేసి మీ బావికి వచ్చాం. వాటితో ఏం చేసుకుంటావు?"

"తాగుతాం ప్రభూ."

రాజుకి ఇది నిన్నటి మాట కంటే బాగా నచ్చింది. "తాగుతారట! విన్నారా? తాగుతారట!" అని పగలబడి నవ్వి, అడిగింది ఇచ్చేయమన్నాడు. లేఖకుడు రాసుకున్నాడు: కథకో బిందె.

ఓబులమ్మ రోజూ వెళ్ళి అదే కథ చెప్పేది. ఒక్కోనాడు రాజు హుషారుగా ఉంటే రెండుసార్లు చెప్పించుకునేవాడు. ఆనాడు రెండు బిందెలు. మూడోసారి కూడా చెబుతానని ఆమె తనంతట తనే అడిగేది. చెన్నక్కకి పురుడొచ్చిన రోజున నాలుగుసార్లు చెప్పింది. గొంతు బొంగురుపోయినా ఒక్క మాట తగ్గించలేదు, "నేనా, అదా?" అనే చోట ఆగాల్సినంత సేపు ఆగింది.

రాజు పడీపడీ నవ్వాడు. ఓబులమ్మ నాలుగో బిందె నెత్తికెత్తుకుని, ఒలకకుండా మెట్లు దిగింది.