కాగితం కప్పిన ఊరు

డాక్టర్ రంగనాయకిగారికి ఒక అలవాటుంది. స్లయిడు మైక్రోస్కోపు కింద పెట్టే ముందు, దానితో వచ్చిన ఫారం మీద పేరూ వయసూ ఊరూ రాసి ఉన్న చోట ఒక కాగితంముక్క కప్పుతారు. చూడవలసింది చూసి, తన మాట రాసుకున్నాకే ఆ ముక్క తీస్తారు. ముప్పయ్యేళ్లుగా క్యాన్సర్ కణాలతోనే కాపురం చేస్తున్న మనిషికి ఈ చాదస్తం ఏమిటని శిష్యులు చాటుగా నవ్వుకునేవాళ్లు. వాళ్లలో అందరికన్నా ఎక్కువ నవ్విన హరనాథ్ సంగతే ఇది.

హరనాథ్ అప్పటికి ఆ పెద్దాసుపత్రిలో పాథాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. రొమ్ము క్యాన్సర్ రకాలకూ వంశానికీ ఉన్న సంబంధం మీద థీసిస్ రాస్తున్నాడు. క్యాన్సర్ కణాల మీద మూడు గుర్తులు వెతుకుతారు. రెండు ఆడ హార్మోన్లను అందుకునేవి, మూడోది హెర్-టూ అనే ప్రోటీను. హార్మోన్ గుర్తులుంటే రోజుకో మాత్ర ఏళ్ల తరబడి కాపు కాస్తుంది. మూడూ లేకపోతే దాన్ని ట్రిపుల్ నెగటివ్ అంటారు. అది మొండి రకం, దాని మీద ఆ మాత్ర పనిచెయ్యదు. ఈ రకం కొన్ని జాతుల్లో ఎక్కువనీ, కొన్ని కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి దిగుతుందనీ హరనాథ్ చదివాడు. చదివినది తన పట్టికలో కనపడేసరికి అతని సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

పట్టికలో రాయికోట నేతవాళ్లు ముప్పై ఒక్కమంది ఆడవాళ్లు. అందులో పందొమ్మిది మంది ట్రిపుల్ నెగటివ్. తరతరాలుగా మేనరికాలు తప్ప బయటి సంబంధం ఎరగని జనం. హరనాథ్ ఒక్కొక్కరిని కూర్చోబెట్టి తల్లి, అమ్మమ్మ, మేనత్త అంటూ వంశవృక్షం గీశాడు. ఒకసారి రంగనాయకిగారు ఆ బొమ్మలు తిరగేసి, "ఇందులో మగవాళ్లేరీ?" అన్నారు. రొమ్ము క్యాన్సర్‌కి మగవాళ్లెందుకని అతను నవ్వేశాడు. ఆవిడ బొమ్మలు తిరిగిచ్చేశారు.

ఆ మంగళవారం అతను అడిగేశాడు. "మేడమ్, ఈ మొండి రకం వాళ్ల వంశంలోనే ఉందనుకోవచ్చా? నిన్న వచ్చిన నాగరత్నం కూడా ట్రిపుల్ నెగటివే. తొమ్మిదేళ్ల కిందట ఆవిడ మేనత్త చిన్నమ్మి ఇక్కడే, ఇదే రకంతో పోయింది. ఇంతకన్నా ఏం కావాలి?"

"ఆవిడకి చెప్పేశావా?"

"చెప్పాను మేడమ్. వంశంలోనిదే అన్నాను."

"నాగరత్నం స్లయిడు పట్రా," అన్నారావిడ. కాగితంముక్క కప్పి, కాసేపు చూసి, లేచి కుర్చీ అతనికిచ్చారు. "క్యాన్సర్‌ని తర్వాత చూద్దువుగాని. దాని పక్కనున్న మామూలు గ్రంథుల్ని చూడు."

రంగు పట్టే పరీక్ష అది. గుర్తున్న కణం గోధుమరంగు తేలుతుంది, లేనిది తెల్లగా ఉండిపోతుంది. ఏ ఆడమనిషి రొమ్ములోనైనా మామూలు గ్రంథుల కణాలు కొన్నైనా గోధుమరంగు తేలాలి. హరనాథ్ చూశాడు. క్యాన్సర్ కణాలు తెల్లగా ఉన్నాయి. పక్కనున్న మామూలు గ్రంథులూ తెల్లగానే ఉన్నాయి, ఒక్కదానికీ రంగు పట్టలేదు.

ఆ ముక్క కోసింది తనే. పదిరోజుల కిందట, శనివారం, రాయికోట నర్సింగ్‌హోమ్‌లో ఆపరేషన్ చేశారు. గడ్డ చెదరకుండా పంపడమే జాగ్రత్త అనుకునే డాక్టరు దాన్ని కోయకుండా, ఉన్నదున్నట్టుగా, కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ మందు డబ్బాలో వేశాడు. ఆదివారం పార్సిల్ ఆఫీసు మూత. ఆ సోమవారం బస్సులో డబ్బా చేరింది. కాయను కొయ్యకుండా ఉప్పులో వేస్తే ఎంతకని ఊరుతుంది? పైన గట్టిపడింది, లోపల మందు చేరకముందే మెత్తబడి పాడైంది. పాడైన చోట గుర్తులున్నా రంగు పట్టదు. ఆ మెత్తదనం హరనాథ్ చేతికి తగిలింది కూడా. కానీ ఫారం మీద రాయికోట అని చదివేశాడు. ఏం రాబోతోందో తెలిసినవాడిలా నడిమధ్యన ముక్క తీసి పరీక్షకు పంపాడు.

"అంచున మందు పట్టిన చోట మళ్లీ కోసి పెట్టు. రెండురోజులు పడుతుంది," అన్నారు రంగనాయకిగారు. "ఆవిడేరీ?"

నాగరత్నం వార్డులో లేదు. ఆసుపత్రి గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంది. ముప్పై మూడేళ్ల మనిషి, చంకలో గుడ్డ మూట. పక్కన భర్త కూర్మయ్య. చిన్నమ్మి కొడుకే అతను. మేనత్తే అత్తగారైంది, ఆ అత్తగారికి ఆఖరి రోజుల్లో చాకిరీ చేసింది నాగరత్నమే.

"ఎక్కడికమ్మా? మందులు మొదలెట్టాలి కదా," అన్నాడు హరనాథ్ రొప్పుతూ.

"ఇంటికెల్లిపోతాం బాబూ. మా అత్తకి ఎన్ని ఇంజీషన్లు ఇచ్చినారో నాను కల్లారా సూసినాను. జుట్టూడిపోనాది, తిండి మానీసినాది, అయినా నిలబడ్నేదు. వంశంలోదే అని తమరే సెప్పినారు గదా. వంశంలోదానికి మందేటుంటాది? ఆ నాలుగు రోజులూ పిల్లల కాడ ఉంటాను."

హరనాథ్ సిగ్గుపడ్డాడు. ముందురోజు తను ఎంత ఉత్సాహంగా ఆ మాట చెప్పాడో గుర్తొచ్చింది. బస్సు వచ్చి ఆగింది. నలుగురూ వింటుండగా అన్నాడు, "నేను చెప్పింది తప్పమ్మా. ముక్క సరిగ్గా చూడకుండా చెప్పాను. మళ్లీ చూస్తున్నాం. రెండురోజులు ఉండండి. తర్వాత మీ ఇష్టం."

ఆవిడ భర్త ముఖం చూసింది. కూర్మయ్య మూట అందుకుని, "ఉందామే. డాక్టరే తప్పంటన్నాడు గదా," అన్నాడు. బస్సు వెళ్లిపోయింది.

గురువారం స్లయిడు వచ్చింది. ఈసారి హరనాథ్ తనంతట తనే కాగితంముక్క కప్పి ముందు మామూలు గ్రంథుల్ని చూశాడు. గోధుమరంగు. తర్వాత క్యాన్సర్ వైపు జరిపాడు. అక్కడా గోధుమరంగే, కంటినిండా. హార్మోన్ గుర్తులు రెండూ ఉన్నాయి. నాగరత్నానికి మాత్ర పనిచేస్తుంది. అతను లేచి కిటికీ దగ్గరికెళ్లి కళ్లు తుడుచుకున్నాడు. రంగనాయకిగారు చూడనట్టే ఇంకో స్లయిడు అందుకున్నారు.

కబురు విని నాగరత్నం ఏడ్చింది. కూర్మయ్య ఏడవలేదు. మెల్లిగా అడిగాడు. "అయితే బాబూ, మా అమ్మకి కూడా అప్పుడిలాగే తప్పు సూసీసినారేటి?"

హరనాథ్ చటుక్కున వెనక్కి తిరిగాడు. తప్పే అయితే ఆ కొడుకు ముఖం ఎలా చూడాలి? నేరుగా పాత గదిలోకి వెళ్లి, దుమ్ములో వెతికి చిన్నమ్మి తాలూకు మైనపు దిమ్మ తీశాడు. మైనంలో దాచిన ముక్క తొమ్మిదేళ్లయినా చెక్కుచెదరలేదు. కొత్తగా రంగు పెట్టించాడు. అది తేలేలోగా తన పందొమ్మిది మంది స్లయిడ్లూ ముందేసుకుని కూర్చున్నాడు. పన్నెండు అదే నర్సింగ్‌హోమ్ నుంచి, అదే బస్సులో, కోయని గడ్డలుగా వచ్చినవి. కొన్నిటిలో మామూలు గ్రంథులకూ రంగు లేదు, కొన్నిటిలో ఆ గ్రంథులే లేవు. ఆ పన్నెండు మందికీ మళ్లీ చూడాలని చీటీలు రాశాడు. ఏడు మాత్రం సరిగ్గా చూసినవే, మొండి రకమే.

శుక్రవారం చిన్నమ్మి స్లయిడు తేలింది. మామూలు గ్రంథులు చక్కగా గోధుమరంగు. క్యాన్సర్ మాత్రం మూడు పరీక్షల్లోనూ తెల్లగా ఉంది. అప్పటి డాక్టర్లు సరిగ్గానే చూశారు. ఆ మాట చెబితే కూర్మయ్య నిట్టూర్చి, "ఆ మాట సాలు బాబూ," అని, మందుల కిటికీ వైపు వెళ్లాడు.

హరనాథ్ మాత్రం స్థిమితపడలేదు. గురువుగారి బల్ల ముందు నిలబడ్డాడు.

"ఒకే ఇల్లు, ఒకే రక్తం. అత్తది ఒక రకం, కోడలిది ఇంకో రకం. నా పందొమ్మిది మందిలో సగం పైగా బస్సు చేసిన పనేమో. మిగతా ఏడుగురూ నిజం. ఇంతకీ వంశంలో ఉందా లేదా మేడమ్? థీసిస్‌లో ఏం రాయను?"

రంగనాయకిగారు చిన్నమ్మి పాత ఫారం మీది కాగితంముక్క తీసి పక్కన పెట్టారు. వేలితో వయసు చూపించారు. నలభై రెండు.

"ఇంత చిన్న వయసులో ఈ రకం వస్తే మనం ఏం చెయ్యాలి?"

"రక్తం పరీక్ష చెయ్యాలి మేడమ్. దిగివచ్చే లోపం ఏదన్నా ఉందేమోనని. కానీ ఆవిడ లేదు కదా."

"ఆవిడ లేదు. పిల్లలు?"

"ఒక్కడే కొడుకు."

"అతనికి?"

"ఇద్దరు ఆడపిల్లలు..." అంటూనే హరనాథ్ ఆగిపోయాడు. మగవాడికి జబ్బు రాకపోయినా, తల్లి లోపం అతని మీదుగా కూతుళ్లకు దిగొచ్చు. తన వంశవృక్షంలో అతనికి చోటే లేదు.

అద్దం తలుపు అవతల వరండాలో కూర్మయ్య పక్కన నాగరత్నం చెప్పులు తొడుక్కుంటోంది. రంగనాయకిగారు అటు చూసి, కాగితంముక్కను మళ్లీ సొరుగులో పెట్టుకున్నారు.

"వంశంలో ఉందా అని అడిగావుగా. అదిగో, మాత్రల సంచి పట్టుకుని నిలబడ్డాడు."