కొంగ రెక్కలూ, ముళ్ళత్త ముడులూ

అడవిని వాగు రెండు ముక్కలు చేసింది. ఈ ఒడ్డు మాట ఆ ఒడ్డుకు చేర్చేది కొంగ ఒక్కడే. ఎడమ రెక్క ఎత్తితే క్షేమం, కుడి రెక్క ఎత్తితే ప్రమాదం. ఆ సైగలకు పొడవాటి తెల్ల రెక్కలే కావాలి, అంటే కొంగే కావాలి. దాంతో అతగాడికి నడమంత్రపు పెద్దరికం పట్టుకుంది. నీటికుక్క చేపలు పట్టి పెట్టాలి, దుప్పులు దండం పెట్టాలి, పైగా "మీ ఆడవాళ్ళ మాటకు మగదిక్కును నేనే" అంటుంటే తలలూపాలి.

ఏదుపందికి ఇది గిట్టలేదు. అందరూ ముళ్ళత్త అంటారామెను. ఒంటికెంత పదునో నోటికీ అంతే. వేసవిలో వాగు ఎండగానే రెండు ఒడ్డుల్లోనూ తిరిగి గడ్డిపోచకు ముడులు వేయడం నేర్పింది. ఒక ముడి క్షేమం, రెండు ప్రమాదం. అందుకున్నవాళ్ళు అదే పోచకు ఇంకో ముడి వేసి తిప్పి పంపాలి. అది తిరిగొస్తేనే మాట చేరినట్టు.

"నీ కిటుకు నువ్వు దాచుకోవేం అత్తా?" అంది నీటికుక్క.

"దాచుకుంటే నేనూ ఇంకో కొంగనవుతానే పిల్లా!"

కొంగ పకపకా నవ్వాడు. "ముడులేస్తే గడ్డికి రెక్కలొస్తాయా?"

వానలకు వాగు పొంగింది. ఓ మధ్యాహ్నం దుప్పి దిబ్బ మీంచి అవతలికి చూసింది. అవతలి రేవు పొదల్లో వేటగాళ్ళు వల పన్నుతున్నారు. సాయంత్రం ఆ రేవుకే ఆమె చెల్లెలు కూనలతో నీళ్ళకొస్తుంది.

"కొంగ బావా, త్వరగా వెళ్ళు!"

కొంగ ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్నాడు. "వెళ్తాను. ముందు ఆ ముడుల పిచ్చి మానుకుంటామని ఒట్టు పెట్టండి. మీ చెల్లెలి ప్రాణం నా రెక్కల్లో ఉంది మరి."

"పెట్టేద్దాం ముళ్ళత్తా, పసికూనలు..." దుప్పి బతిమాలింది.

"ఆగవే! తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకుందట ముసలమ్మ. ఆ సామెత ముసలమ్మ మీద ఎందుకు కట్టారో గానీ, ఈ కొంగలకే బాగా అతుకుతుంది." ముళ్ళత్త గడ్డిపోచకు రెండు ముడులు బిగించి నీటికుక్క ముందు పెట్టింది. "తీసుకెళ్ళు, ఇవ్వు, జవాబు పట్టుకో, తిరిగిరా. అంతే."

"నాకు ముడులు చదవడం రాదత్తా!"

"చదివేది అందుకునేవాళ్ళు. నువ్వు ఈదు."

నీటికుక్క బుడుంగున మునిగింది. కొంగ ఒక కన్ను తెరిచాడు. దుప్పి వాగునే చూస్తోంది. పొద్దు వాలుతుండగా నీళ్ళలోంచి తడి మూతి పైకి లేచింది. నోట్లో గడ్డిపోచ.

"మూడో ముడి! మా చెల్లి వేసిందే!" దుప్పి ఎగిరి గంతేసింది.

అవతలి రేవుకు ఒక్క గిట్ట కూడా రాలేదు. వేటగాళ్ళు ఉత్త వల భుజానేసుకుని, ఒకరినొకరు తిట్టుకుంటూ పోయారు. ఈ ఒడ్డున కేకలు, ఈలలు, గంతులు!

మర్నాడు కొంగ మెడ వంచుకుని వచ్చాడు. "అత్తా, ముడులు నేనూ మోస్తాను."

"మొయ్యి నాయనా, వద్దన్నదెవరు? నీటికుక్క వెనక వరసలో నిలబడు. దండాలుండవు. చేప నువ్వే పట్టుకోవాలి."

నీతి: మాటను మోసినంత మాత్రాన ఎవడూ మాటకు యజమాని కాడు.