దండయాత్రకు గంట

ఆ సాయంత్రం రేవతుడికి ధ్యానం కుదరలేదు.

"ఎందుకు ఒప్పుకున్నారు భంతే?" అని గురువునే అడిగేశాడు. "వాళ్ళ యుద్ధాన్ని మనం దీవించడమేమిటి? భయపడ్డారా?"

బర్మా సరిహద్దులో చిక్కుబడ్డ జపాన్ సైన్యం, ఈ కథలో, మరో వైపు నుంచి దెబ్బ తీయాలనుకుంది. ఓడల్లో వచ్చి భీమిలి అవతల ఇసుకలో దిగింది. తెల్లదొరలు రైలెక్కి పోయారు. జాలర్లు ఎక్కడికీ పోలేదు. గుట్ట మీది చిన్న విహారంలో ముసలి సుమన భిక్షువు, ఆయన శిష్యుడు రేవతుడు కూడా ఉండిపోయారు.

మధ్యాహ్నం ఆ దళం మేజర్ గుట్టెక్కి వచ్చాడు. బూట్లు విప్పి బుద్ధుడి ముందు సాగిలపడ్డాడు. తర్వాత రంగూన్‌లో నేర్చుకున్న బర్మా భాషలో అన్నాడు: "మనది ఒకే ధర్మం. రేపు పొద్దున్నే నా దళం కొండల మీదుగా కొత్త యుద్ధానికి బయల్దేరుతుంది. మీ గంట మోగాలి. లేదంటే ఈ విహారం ఉండదు."

సుమన భిక్షువు ఒకప్పుడు రంగూన్ రేవులో మూటలు మోసినవాడు. ఆ భాషలోనే "మోగుతుంది" అన్నాడు.

ఇప్పుడు శిష్యుడితో మాత్రం "పొద్దున్న నా పక్కన నిలబడు" అన్నాడంతే.

తెల్లారింది. గుట్ట కింద దళం బారులు తీరింది. చాలామందికి ఇంకా మీసాలైనా సరిగా రాలేదు. గంట పక్కన నిలబడి మేజర్ చెయ్యెత్తాడు. గురువు తాడు లాగాడు.

ఒక దెబ్బ. ఆ మోత గాల్లో పూర్తిగా కరిగిపోయాక మరొకటి.

రేవతుడు గుర్తుపట్టాడు. ఊళ్ళో ఎవరైనా పోయినప్పుడు కొట్టే తీరు అది.

జాలరిపేటలో తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు పరుగున వచ్చారు. "ఎవులు పోనారు సామీ?" అని నూకాలమ్మ కింద నుంచి కేకేసింది.

"ఏమంటోంది?" అన్నాడు మేజర్.

"ఎవరు పోయారని అడుగుతోంది."

"ఎవరు పోయారు?"

గురువు ఆ బారుల వైపు చూశాడు. "ఇంకా పోలేదు. ఇప్పుడే బయల్దేరుతున్నారు." అదే మాట తెలుగులో కిందికీ కేకేశాడు.

మేజర్ మొహం మాడిపోయింది. "ఆపు!"

"గంట అడిగింది మీరే" అంటూ గురువు మళ్ళీ లాగాడు.

మేజర్ వెంట వచ్చిన ఇద్దరు సైనికులు ఆయన్ని నేలకేసి అదిమారు. మేజర్ కత్తి దూశాడు. గంట ఊగి ఊగి ఆగిపోయింది.

రేవతుడు నడిచి వెళ్ళి తాడు అందుకున్నాడు. లాగాడు.

కింద బారులో ఒకడు, కళ్ళు తుడుచుకుంటున్న ఆడవాళ్ళని చూసి, టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. పక్కవాడూ తీశాడు. మేజర్ అది చూశాడు. తర్వాత కత్తి ఒరలో పెట్టి, తన మనుషుల్ని రమ్మని సైగ చేసి, ఎవరి మొహమూ చూడకుండా గుట్ట దిగిపోయాడు.

దళం కొండల దారి పట్టింది. దారి పక్కన ఆడవాళ్ళు సొంత బిడ్డలు పోయినట్టు ఏడుస్తున్నారు. రేవతుడు గంట ఆపలేదు.

గురువు లేచి, పెదవి మీది నెత్తురు తుడుచుకుని, శిష్యుడి పక్కకొచ్చి నిలబడ్డాడు.

"చేతులు నొప్పెడితే చెప్పు, నేనందుకుంటాను."