చప్పుడు చెయ్యని కంప్రెసర్

కోదండపాణి గారికి చప్పుడు చెయ్యని కంప్రెసర్ కావాలి.

టెలిఫోన్ ఆఫీసులో రిటైరయ్యాక ఆయన ఎయిర్‌బ్రష్ నేర్చుకున్నారు. పెన్నంత ఉంటుంది అది. వెనకనుంచి గాలి తోస్తే రంగు మంచులా పడుతుంది. ఆ గాలినిచ్చే మిషనే కంప్రెసర్. నేర్పింది ఖాదర్‌వలీ మాస్టారు. నరసాపురంలో నలభై ఏళ్ళుగా లారీల మీద నెమళ్ళు వేసిన చెయ్యి ఆయనది. శిష్యుడు అరవై దాటినవాడని తిట్టడం మానలేదు గానీ, చివర ‘అండీ’ చేర్చి తిట్టేవారు.

పాణి గారు కర్రతో మూరెడు లాంచీ బొమ్మ చేశారు. ఆయన భార్య సుభాషిణి చిన్నప్పుడు సఖినేటిపల్లి నుంచి గోదావరి దాటి బడికొచ్చిన లాంచీ అది. “తెలుపు మీద నీలం చారండీ. అంచు నీళ్ళలో కలిసిపోయినట్టుండేది” అని మంచం మీంచే చెప్పేదావిడ. ఆ కలిసిపోవడం కుంచెకి రాదు. అందుకే ఈయన ఎయిర్‌బ్రష్ పట్టింది.

మొదట కొన్న కంప్రెసర్ స్విచ్చి వెయ్యగానే లోపలి గదిలో ఆవిడ ఉలిక్కిపడి లేచింది. జబ్బుతో మంచం పట్టి, కునుకు కోసం మొహం వాచి ఉన్న మనిషి. పాణి గారు ఆ పూటే దాన్ని కొట్టుకి తిరిగి పంపేశారు.

అప్పట్నుంచీ వెతుకులాటే. చిన్న మిషన్లు మెల్లగానే మోగుతాయి, కానీ ట్యాంకు ఉండదు, గాలి ఆగి ఆగి వచ్చి రంగు చుక్కలుగా పడుతుంది. ట్యాంకున్నవేమో ఇల్లెగిరిపోయేలా మోగుతాయి. భీమవరం, పాలకొల్లు, ఏ ఊళ్ళో కొట్టుకి వెళ్ళినా ఈయన డాక్టరులా మిషను మీద చెవి పెట్టి వినేవారు. కొట్టువాళ్ళకి ఈయన్ని చూస్తేనే నీరసం వచ్చేది.

లాంచీ తెల్లగానే ఉండిపోయింది. శ్రావణంలో సుభాషిణి చార చూడకుండానే వెళ్ళిపోయింది.

కార్తీకం వచ్చింది. పాణి గారు వెతకడం మానలేదు. ఒకరోజు పొద్దున్నే మాస్టారి షెడ్డుకొచ్చి, కొత్త మిషను బొమ్మ చూపించారు.

“అన్నీ బాగున్నాయి మాస్టారూ. ట్యాంకుంది, గాల్లో తేమని పట్టే ఫిల్టరుంది. కాకపోతే గోడ అవతలికి కొంచెం వినబడుతుందట.”

మాస్టారు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆయన మొహంలోకి చాలాసేపు చూశారు.

మర్నాడు ఆటోలో తన కంప్రెసర్నే వేసుకుని పాణి గారింటికొచ్చారు. అది మోగుతుంటే షెడ్డు పక్క టీకొట్టులో జనం అరుచుకుని మాట్లాడుకోవాల్సిందే.

“ఇదెందుకు తెచ్చారండీ?”

“స్విచ్చెక్కడుందండీ?” అన్నారు మాస్టారు.

మోటారు దడదడలాడింది. అలమారలో గ్లాసులు గలగలమన్నాయి. పాణి గారు ఒక్క ఉదుటున లేచి వెళ్ళి లోపలి గది తలుపు మూశారు. కిర్రుమనకుండా, అలవాటుగా, రెక్కని కాస్త పైకెత్తి పట్టుకుని మరీ మూశారు.

“ఇప్పుడొద్దు మాస్టారూ. లేస్తుంది” అన్నారు.

అని, తలుపు మీద చెయ్యి అలాగే ఉండగా ఆగిపోయారు.

మాస్టారు మోటారు ఆపలేదు. వచ్చి, ఆయన చెయ్యి మెల్లగా తీసి, తలుపు బార్లా తెరిచారు. లోపల మంచం. చుట్టిపెట్టిన పరుపు. కిటికీలో బోర్లించిన మందు గ్లాసు.

పాణి గారు గుమ్మంలోనే కూలబడ్డారు. పదోరోజున కూడా రాని ఏడుపు ఆ మోత మధ్య వచ్చింది. మాస్టారు పక్కనే కూర్చున్నారు, ఓదార్చలేదు.

ట్యాంకు నిండి మోటారు దానంతటదే ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఇన్నాళ్ళూ కొట్టు కొట్టుకీ తిరిగి పాణి గారు వెతికింది దీన్నే. ఇప్పుడది దొరికితే భరించలేకపోయారు.

మాస్టారు లేచి నీలం కలిపి, ఎయిర్‌బ్రష్ ఆయన చేతిలో పెట్టారు. లాంచీని ముందుకి జరిపారు.

చార సగానికొచ్చేసరికి ట్యాంకులో గాలి తగ్గి మోటారు మళ్ళీ దడదడమంది. పాణి గారు చెయ్యి ఆపలేదు. నీలం అంచు తెలుపులోకి, ఆవిడ చెప్పినట్టే, కలిసిపోయింది.

సాయంత్రం మాస్టారు చెప్పులేసుకుంటూ అడిగారు.

“రేపు భీమవరం వెళ్ళి, మీరు నిన్న చూపించిన మిషను తెచ్చేద్దామాండీ?”

పాణి గారు లోపలి గది వైపు చూశారు. తలుపు తెరిచే ఉంది.

“వద్దండి. మీకు ఇబ్బంది లేకపోతే కొన్నాళ్ళు దీన్నే ఇక్కడుంచండి మాస్టారూ. ఇంట్లో ఏదో ఒకటి మోగనివ్వండి.”

మాస్టారు తలూపి, వట్టి చేతులతో ఆటో ఎక్కారు.